మగ్గం గుంత దగ్గర కూర్చుంటేనే

1967 ఎండాకాలంలో మా ఆయన రెండు స్పీకరు డబ్బాలు ఇంటికి తెచ్చాడు. అప్పుడు మేం భువనగిరిలో చేనేత వాళ్ళ వాడలో ఉండేవాళ్ళం. ఆయనకు బజారులో రేడియోలు బాగుచేసే దుకాణం ఉండేది. మగ్గం పని నేర్చుకోలేదు. మా మామ నేసేవాడు, నేను రాట్నం మీద నూలు కండెలు చుట్టి అందించేదాన్ని.

ఒక్క స్పీకరులో వచ్చే పాట మాకు కొత్త కాదు. రెండు డబ్బాలూ సరైన చోట ఉండి, వినేవాళ్ళూ సరైన చోట కూర్చుంటే, పాట డబ్బాల్లోంచి కాక వాటి నడుమ ఖాళీ జాగాలోంచి వస్తుంది. అది కొత్త. మా ఆయన పాత సామాన్ల అంగట్లో కొన్న రికార్డులో ఒకామె మాకు తెలియని భాషలో పాడుతుంది. మామ అన్నానికి లేచినప్పుడు నేను ఆయన చోట కూర్చుని విన్నాను. ఆమె ఎదుటి గోడకు రెండడుగుల ఇవతల నిలబడి పాడింది. ఆమె ఎక్కడ నిలబడిందో మా ఆయనకు చెయ్యి చూపించి చెప్పాను.

అయితే ఆమె అలా నిలబడేది మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న వాళ్ళకే. కుడికి జరిగితే కుడి డబ్బా ఒక్కటే పాడేది, నా రాట్నం దగ్గర ఎడమది ఒక్కటే. గది పద్నాలుగడుగుల పొడవు, పదకొండడుగుల వెడల్పు. సగానికి పైగా మగ్గమే.

"బాపు, మగ్గం ఎనక కొట్టంల ఏసుకుందమే" అన్నాడు మా ఆయన, ఆ చోట కుర్చీ వేసుకుని పాట వినాలని.

"కొట్టంల కిటికీ ఏడున్నదిరా? పువ్వును పువ్వుతోని తడిమి కలపాల్నా?"

"బల్బు పెడ్త గద."

"నీ బల్బు ఎలుగుల ఎర్రది నల్లగ కొడ్తది."

మాది ముందే ముడులు కట్టి రంగులద్దిన నూలు. నేసేటప్పుడు అడ్డపోగు మీది రంగు నిలువుపోగు మీది రంగుతో కలవాలి. ముందు గది కిటికీ వెలుగు ఉంటేనే మామకు అది కనిపించేది. అప్పటికే ఆయనకు అరవై దాటాయి. అయినా కొడుకు మాట కాదనలేక, చేతిలో ఉన్న బట్ట ముగియగానే మగ్గం విప్పాడు.

కొట్టంలో కొత్త గుంత తవ్వుకోవాలి. మామ తవ్వలేదు. విప్పిన కర్రలు గోడకు ఆనించి, గడప మీద కూర్చునేవాడు. గుంత ఎప్పుడు తవ్వుతారని అడిగాను.

"తొందరేమున్నది పిల్లా? ఎట్లయినా నాకు ఒక గుంత తవ్వవడ్తది గద" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఇక నేయడని నాకు అర్థమైంది.

ముందు గదిలో పాత గుంత మీద మా ఆయన పలకలు పరిచి, చాప వేసి, సరిగ్గా ఆ చోటే కుర్చీ పెట్టాడు. కుర్చీ ఎత్తుకు తగ్గట్టు డబ్బాల కింద ఇటుకలు పెట్టాడు. నన్ను కూర్చోమని రికార్డు వేశాడు.

"ఆమె యాడున్నది?"

"గోడంత ఉన్నది."

"గోడంత ఎట్లుంటదే? మనిషి గదనే!"

"సున్నం ఏసినట్టున్నది. మనిషి లేదు."

ఆయన డబ్బాలు దగ్గరికి జరిపాడు, దూరం జరిపాడు, ముఖాలు లోపలికి తిప్పాడు. నేను పడుగు దారంతో కుర్చీ నుంచి ఒక్కో డబ్బాకు కొలిచి చూపాను. రెండు దూరాలూ సమానమే. పాటగత్తె మాత్రం రాలేదు. లావు స్వరం వచ్చినప్పుడల్లా పలకల కింద గుంత డప్పులా మోగేది.

"డబ్బాల తప్పు లేదు. అర్రల నూలు లేదు, మగ్గం లేదు. ఉత్త గోడలు, ఉత్త బండలు. అందుకే గిట్ల మోగుతాంది" అన్నాను.

"బాపు కోసం అంటున్నవ్ గీ మాట."

మామ మగ్గం తిరిగి రావాలని నాకున్న మాట నిజం. అందుకే నా చెవిని సాక్ష్యంగా పెట్టదలుచుకోలేదు.

"నా మాట ఇడిసిపెట్టుండ్రి. మీరే కూసోని ఇనుండ్రి" అన్నాను.

ముందు, మగ్గం ఉన్నప్పుడు నూలు కట్టలు వేలాడిన దూలానికే వాటిని మళ్ళీ వేలాడదీశాను. అదే పాట వేయించాను. గోడల మీది పాట కొంత నడుమకు చేరింది. కుర్చీ తీయించి, పలకలు ఎత్తించి, మగ్గం విప్పినప్పుడు మిగిలిన పాత బట్టలూ ఒక బొంతా గుంతలో వేయించాను. ఆయన మామ కూర్చునే చోట, కాళ్ళు గుంతలో వేలాడేసుకుని కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని ఆ పాట ముగిసేదాకా కదలలేదు. తర్వాత గడప మీద కూర్చున్న మామ దగ్గరికి వెళ్ళాడు.

"బాపు, మగ్గం లోపటికి తెచ్చుకోవే."

"ఏందిరా, నీ పాటగత్తెకు నా మగ్గం గావాల్నా?"

"అవ్, గావాలె."

"మరి నన్నుగూడ తోలుకపోతవా, మగ్గమొక్కటేనా?"

మర్నాడే మగ్గం బిగించారు. డబ్బాలు పాత చోటికి వెళ్ళాయి. మామ నేసేటప్పుడు అడ్డపోగు విసిరే నాడె చప్పుడులో పాట వినబడదు కాబట్టి, ఆయన లేచిన తర్వాతే రికార్డు వేయాలి. కుర్చీ దుకాణానికి పోయింది.

ఆదివారం మధ్యాహ్నం మామ లేవగానే మా ఆయన మగ్గం దగ్గరికి వచ్చాడు. నడుం చేత్తో పట్టుకుని గడప మీద కూర్చుంటూ మామ అన్నాడు:

"కాళ్ళు కడుక్కోని దిగు. బట్ట మీద చెయ్యి పెట్టకు."

ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. పాట మొదలైంది. ఆమె జర ఎడమకు ఉన్నదన్నాడు. నేను కుడి డబ్బాను వేలెడంత ముందుకు జరిపాను.