చేపను తిరగెయ్యని అవ్వ

పీకింగులో ఇంకా రాజులున్న రోజులవి. ముత్యాల నది మొగలో పడవమీదే పుట్టి పడవమీదే ముసలిదైన ఫుక్‌సామ్ అవ్వ, పళ్లెంలో చేపను ఎన్నడూ తిరగెయ్యలేదు. పైకండ తిని, ముల్లు తీసి, కిందికండ తినేది. చేప తిరగబడితే పడవా తిరగబడుతుందని భయం. ఆవేళ గాలివాన; కొడుకు సముద్రంలో చిక్కుకున్నాడు. తడి చేతులు పదేపదే చొక్కాకు తుడుచుకుంటూ అవ్వ మబ్బుకేసే చూస్తోంది.

ఇంతలో ఎనిమిదేళ్ల మనవరాలు ఛోయ్ ఆకలికొద్దీ చేపను తిరగేసింది. "నీ తొందర తగలెయ్యా, ఎంత పని చేశావే!" "నాన్న మునిగిపోతాడా అవ్వా? నావల్లేనా?" అంది పిల్ల. అవ్వ దాని చేతిలోని తినే పుల్లలు లాక్కుని, పడవలో కొలువున్న కడలితల్లి బొమ్మవైపు తిరిగింది. "తిప్పింది నేనే తల్లీ! కోపమొస్తే నామీద తీర్చుకో. దీని చెయ్యి ఇంకా పళ్లెందాకా కూడా అందదు."