జీపు రంగు, నావ ముక్కు

ఆ రోజు నేను చేసిన మొదటి తప్పు చిన్నదే. నావని ట్రైలరు మీద మూరెడు వెనక్కి పెట్టించాను, దాని ముక్కు నా జీపుకి తగలకూడదని. ఆ తర్వాత చేసింది మాత్రం చిన్నది కాదు.

వేసవిలో కాలువలు కట్టేసిన రోజులవి. ఏటా మరమ్మతులకని నీళ్ళు ఆపేసేవారు. నిన్నటిదాకా కొబ్బరి నీడల్ని మోసుకుంటూ నిండుగా సాగిన కాలువ, చూస్తూండగానే బురదై, ఆ బురద నెర్రెలిచ్చేది. నీళ్ళుండగానే నావల్ని గోదావరిలోకి దాటించుకోవాలి. నా స్నేహితుడు జ్వరంతో పడుండి దాటించుకోలేకపోయాడు. నగరం అనే ఊరి దగ్గర కాలువ అడుగున అతని చిన్న నావ ఒరిగిపోయి ఉండిపోయింది. ఎండకి పలకలు విచ్చుకోకుండా గోనెలు కప్పి, పొద్దునా సాయంత్రం బిందెలతో నీళ్ళు పోసి కాపాడుకున్నాడు.

మేమిద్దరం చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. వాళ్ళది నావల మీద బతికే కుటుంబం, మాది చర్చి వీధి. చుట్టరికమేం లేకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్ళం. నేను కొబ్బరికాయల వ్యాపారంలో పడి ఓ పాత జీపు సంపాదించాను. దాని వెనక ట్రైలరు, రాజోలు వెల్డింగు షెడ్డులో చౌకగా చేయించింది. పాత జీపు ఇరుసు, రెండు చక్రాలు, పైన తాటి పలకలు, జీపుకి తగిలించడానికి ముందొక ఇనప కాడ. అంతే. జీపు వెనకే తిరుగుతుందని మా బావ దానికి దూడ అని పేరు పెట్టాడు.

"మీ దూడనోసారి తోలుకు రండి బావగారూ. అప్పనపల్లి రేవులో నీళ్ళు తాగించి పంపుతాను" అన్నాడు.

నావ ఏట్లోకి చేరడం ఒక్కటే కాదు అతని ఆశ. రేవులో పంటు నడిపే పెద్దాయన, రెండు పెద్ద పడవల మీద పలకలు పరిచి బళ్ళనీ మనుషుల్నీ ఏరు దాటించేవాడు, ఆ ఏడు కొత్త సరంగు కోసం చూస్తున్నాడు. పంటు మీద బళ్ళు కదలకుండా కట్టడం సరంగు బాధ్యత. మా బావ ముడి అంటే ఆ చుట్టుపక్కల పేరు. "నేనేసిన ముడి నేను విప్పాల్సిందే" అని గొప్పలు పోయేవాడు. ఆ పేరుని చూసే పెద్దాయన అతన్ని పెట్టుకుందామనుకుంటున్నాడు.

నలుగుర్ని సాయం పిలిచి, ట్రైలరు మీద పరిచిన కొబ్బరి పీచు బస్తాల మీదికి నావనెక్కించాం.

"ముక్కు ముందుకి జరుపుదాం బావా. బరువంతా తోక వైపుకి పోతోంది" అన్నాడు.

"జరిపితే జీపుకి తగులుతుంది."

"తగిల్తే కరుస్తుందా?"

"మొన్ననే రంగేయించాను."

"అదా సంగతి! పెళ్ళికొడుకు బుగ్గన చుక్క చెరిగిపోద్దండీ!"

నలుగురూ నవ్వేశారు. నాకు ఒళ్ళు మండింది. "బండి నాది. ఎలా పెట్టాలో నాకు తెలుసు" అన్నాను.

"ఆయ్, బండి మీది, నావ మాది. పైవాడు ఇద్దరివాడూను" అని తాడందుకున్నాడు. మోకాలు ఆనించి లాగి లాగి కట్టాడు.

ఆ ప్రయాణం ఇప్పటికీ నాకు కలలోదిలాగే ఉంటుంది. అద్దంలో చూస్తే వెనక ఏరు లేదు, నావ మాత్రం వస్తోంది. కొబ్బరి మట్టల నీడలు దాని మీంచి అలల్లా జారిపోతున్నాయి. చక్రాల కింది దుమ్ము తెల్లటి నురగలా లేచి వెనకబడుతోంది. అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్ళు మాటలాపి చూశారు. ఒకావిడ ఎందుకో దణ్ణం పెట్టింది. మా బావ పక్క సీట్లో వెనక్కి తిరిగి కూర్చుని, నిద్రపోయే బిడ్డని చూస్తున్నట్టు నావనే చూస్తున్నాడు. నేల గట్టిదన్న సంగతి మా ఇద్దరికీ గుర్తులేదు.

రేవుకింకా కొంచెం దూరంలో కాలువ వంతెన ఉంది, ఏనుగు వీపంత ఎత్తుగా. జీపు ముక్కుతూ ఎక్కింది. ఎక్కుతూండగా వెనక టక్కుమంది. జీపు ఒక్కసారిగా తేలికైపోయింది.

తోక బరువుకి ట్రైలరు వెనక్కి మొగ్గింది. కాడ పైకి లేచి, దాన్ని జీపుకి బిగించిన పిన్ను ఊడిపోయింది. ఓ గొలుసైనా లేదు పట్టి ఆపడానికి. కాడ ఆకాశం వైపు చూపిస్తూ ట్రైలరు నావతో సహా వెనక్కి దొర్లింది. నావ వెనక భాగం వంతెన గోడకి గుద్దుకుని పలక నిలువునా చీలింది.

సైకిలు మీద వస్తున్న పంటు పెద్దాయన ఆగాడు. "ఏమైందండీ?"

చుట్టూ మూగినవాళ్ళంతా నా మొహం చూశారు. నా నోట్లోంచి మాట నాకంటే ముందే వచ్చేసింది. "తాడు వదులైందండీ. నావ వెనక్కి జారిపోయింది."

పెద్దాయన మా బావ కేసి చూశాడు. నవ్వులాడే మా బావ తల తిప్పి తాడు కేసి చూశాడు. "అలాగా" అని పెద్దాయన సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

నావని దించాలి కదా. మా బావ వంగి పళ్ళతో పట్టి ముడి విప్పాడు. తాడు అప్పటిదాకా వెంట్రుకవాసి కూడా కదల్లేదు. తాడు నొక్కుకున్న అచ్చు పలక మీద కట్టిన చోటే ఉంది. ఆ అచ్చు మీద వేలు పెట్టి, మెల్లగా అడిగాడు: "వదులైందా బావా?"

 జీపు మీద గీత కూడా పడలేదు.

తెల్లారి అప్పనపల్లి రేవుకి వెళ్ళాను. పంటు ఏటి మధ్యకి వచ్చాక, జనమంతా వింటూండగా పెద్దాయనకి చెప్పాను. ముడి జారలేదని, రంగు మీద మోజుతో నేనే బరువు తోకకి నెట్టానని.

"మరి నిన్ననెందుకలా చెప్పేరండీ?"

"సిగ్గేసిందండీ."

"ఇవాళ వెయ్యట్లేదేంటి?" అన్నారెవరో. నవ్వులు. ఆ నవ్వులు నీళ్ళ మీద చాలాసేపు ఉన్నాయి.

పెద్దాయన పంటుని గట్టుకి చేర్చాడు. "నావ బాగయ్యాక రమ్మనండి. నా పంటు మీద ఓ బండి కట్టమందాం" అన్నాడు.

పలక మార్చినన్ని రోజులూ వాళ్ళ వాకిట్లో కూర్చుని, సందుల్లో కూరడానికి పీచు పురి పెట్టాను.  మా బావ పీచు అందుకునేవాడు, అంతే. ఓ మధ్యాహ్నం మాత్రం "పురి వదులుగా ఉందండీ" అన్నాడు. గట్టిగా పెట్టాను.

తర్వాత ట్రైలరుని రాజోలు తీసుకెళ్ళి కాడ పొడుగు చేయించాను. ఊడినా పట్టి ఉండేలా గొలుసొకటి వేయించాను. నావని ఈసారి ముందుకి, ఇంకా ముందుకి జరిపించాను, బరువు కాస్త జీపు మీద వాలేదాకా. పొడుగు చేసినా ముక్కు జీపుని ముట్టుకుంది. మధ్యన గోనె మడత పెట్టబోయాడు మా బావ. వద్దన్నాను.

వంతెన దగ్గర దిగి తాళ్ళన్నీ ఇద్దరం చేత్తో తడిమి చూశాం. అక్కణ్ణుంచి రేవుదాకా నావ ముక్కు జీపు వెనక టకటకమని తడుతూనే ఉంది. రంగు రాలిన ఆ చోట మళ్ళీ నేను రంగు వేయించలేదు.