బాపమ్మ మోసిన మాటలు

సంధ్యారాణి పరిశోధన సినిమా మాటల మీద. పాత్ర పైకి అన్నదేమిటి, ఆ అనడంలో నిజంగా చేసిందేమిటి అని చూడటం ఆమె పని. బెదిరించిందా, బతిమాలిందా, మాటిచ్చిందా, తప్పు ఒప్పుకుందా అని ఒక్కో డైలాగు పక్కన రాసుకోవాలి. వరంగల్‌లోని సొంత ఇంట్లోనే, ముందు గదిలో పవర్‌లూమ్‌ల మోత మధ్య, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మూడేళ్లుగా ఇదే పని. సినిమాల్లో క్షమాపణలకు కొదవే లేదు, నూట పదకొండు దొరికాయి. వాళ్లింట్లో మాత్రం ఆ మాట ఎవరి నోటా వినలేదు.

అనాల్సిన రోజు ఒకటి వచ్చింది. ఏడాది కింద, తోటి నేతగాళ్లు నలుగురు కూర్చుని ఉండగా, "ఇంకెన్నేండ్లు సదువుతవ్ బిడ్డా?" అని తండ్రి సాంబమూర్తి అడిగాడు. "సదువు సంగతి నీకేం తెలుసు బాపూ? నీకు సంతకం నేర్పింది నేనే గద" అనేసింది. ఆయన తలవంచుకుని నూలు కండె మార్చుకున్నాడు. ఆ రోజు నుంచి కూతురితో మాట బంద్.

మాట బంద్ అయినా ఇల్లు నడవాలి కదా! దానికో పద్ధతుంది, మూడో మనిషిని మధ్యలో పెట్టుకుంటారు. సంధ్యారాణి చిన్నప్పుడే తల్లి పోయిన ఆ ఇంట్లో మూడో మనిషి రాములవ్వ, సాంబమూర్తి తల్లి, ఈమెకు బాపమ్మ. గుమ్మం పక్క మంచం మీద కూర్చునేది. కూతురు ఎదురుగా ఉన్నా సరే, "అవ్వా, దానికి చెప్పు, గొడుగు తీస్కపొమ్మను" అనేవాడు ఆయన. "తీస్కపోతనని చెప్పు బాపమ్మా" అనేది ఈమె. ముసలమ్మ ఊరుకుంటుందా? ఉన్నదానికి రెండు కలిపి అందించేది. "నువ్వు తడుస్తవని మీ బాపు పానం కొట్టుకుంటాంది బిడ్డా."

గైడ్ శ్యాంసుందర్ సార్ ఒకసారి సినిమా సీను ఆపి, "కోడలు అత్తతో అంటోంది సరే, వినాల్సింది ఎవరమ్మా?" అని అడిగారు. "పక్కనున్న భర్త సార్" అని ఠక్కున చెప్పింది. మెచ్చుకున్నారు. ఇంటికొచ్చి మళ్లీ బాపమ్మతోనే మాట్లాడింది. తప్పు చెప్పుకోవాలని లోపల ఉంది. రేపు బాపమ్మతో చెప్పిద్దాంలే అనుకుంటూ ఏడాది గడిపేసింది. అంత చదువూ ఏ గంగలో కలిసిందో!

శ్రావణంలో రాములవ్వ రెండు రోజుల జ్వరంతో పోయింది. దినాలయ్యాయి, చుట్టాలు వెళ్లిపోయారు. ఇంట్లో ఇద్దరు మిగిలారు, గుమ్మం పక్క ఖాళీ మంచం. ఆయన అన్నం వండి మూతపెట్టి మగ్గం దగ్గరికి పోతాడు. ఆమె చాయ్ పెట్టి ఆయన పక్కన ఉంచి వస్తుంది. తొమ్మిది రోజులు ఒక్క మాట లేదు. ఇక జన్మంతా ఇంతేనా అని సంధ్యారాణికి భయం పట్టుకుంది.

పదో రోజు పొద్దున కరెంటు పోయి మగ్గాలు ఆగాయి. సాంబమూర్తి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన మొహం చూడలేక ఆమె మంచం వైపు తిరిగింది.

"బాపమ్మా, ఆ రోజు నలుగుర్ల నేనన్నది తప్పేనని బాపుకు జర చెప్పవా" అంది.

ఆయన కూడా ఖాళీ మంచం వైపు చూశాడు.

"అవ్వ లేదు గద బిడ్డా" అన్నాడాయన. "నువ్వే చెప్పు."

సంధ్యారాణి నోరు తెరిచింది. నూట పదకొండింటిలో ఒక్కటీ గుర్తుకు రాలేదు, ఏడుపొచ్చింది.