దుబాయి పోని నాయన

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తలో నాకు రెండే భయాలుండేవి. జగిత్యాల నుంచి కోరుట్ల పోయే పొద్దుటి బస్సు తప్పిపోతుందేమోనని ఒకటి, మా ప్రిన్సిపాల్‌కు నా పేరు గుర్తుండిపోతుందేమోనని ఇంకొకటి. ఆయనకు పేరు గుర్తున్న లెక్చరర్ మరుసటి ఏడాది కాలేజీలో కనిపించేవాడు కాదు. అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ నవ్వు ఎప్పుడూ సగంలోనే ఆగిపోతుంది, ఎందుకో చెబుతాను.

మాది ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ. నేను ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ప్రిన్సిపాల్‌ను మేము చాటున పర్సంటేజీ సారు అనుకునేవాళ్లం. ఆ ఏడాది ఆయన ఏదో ట్రైనింగుకు పోయివచ్చి, పిల్లలతో పాటు మాకూ మార్కులు వేయడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క లెక్చరర్‌కు ఇరవై మంది పిల్లలు, వాళ్లకు మనం మెంటర్. వారానికోసారి ఒక్కొక్కరిని కూర్చోబెట్టుకుని పది నిమిషాలు మాట్లాడాలి, రిజిస్టరులో మూడు గళ్లు నింపాలి: సమస్య, సలహా, మార్పు. మార్కులు తక్కువైన లెక్చరర్లు వేసవి తర్వాత మళ్లీ రానక్కర్లేదు. "మీరు పిల్లలతోని ఏం మాట్లాడిన్రో నాకెట్ల తెలుస్తది? రిజిస్టర్ మాట్లాడాలె నాతోని" అన్నాడు మీటింగులో. ఆయన చెప్పిన వాటిలో నేను తు.చ. తప్పకుండా పాటించింది ఆ ఒక్క మాటే.

శనివారం సాయంత్రం తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే చాలు, ఒళ్లో రిజిస్టరు తెరిచేవాణ్ణి. అబ్బాయిల సమస్య సెల్‌ఫోను. అమ్మాయిల సమస్య 'తండ్రి గల్ఫ్‌లో ఉన్నందున ఇంట్లో పర్యవేక్షణ లేదు'. మా వైపు దుబాయో మస్కటో పోయినవాళ్లు ఇంటికొకరు ఉంటారు కాబట్టి గురి తప్పదని నా ధీమా. సలహా గడిలో 'ధైర్యం చెప్పితిని', మార్పు గడిలో 'కనబడుచున్నది'. (గ్రాంథికంలో రాస్తే నమ్మకం ఎక్కువని నా అనుమానం.) బస్సు జగిత్యాల చేరేలోగా ఇరవై బతుకులు బాగుపడేవి. చదివిన ప్రిన్సిపాల్ మురిసిపోయాడు. నెల తిరిగేసరికి నేను ఉత్తమ మెంటర్‌ని. పేరెంట్స్ మీటింగులో షీల్డు ఇస్తామన్నారు.

ఆ ఇరవై మందిలో ఒక సిరిసిల్ల పిల్ల ఉండేది. రెండో సంవత్సరం, కాలేజీ హాస్టల్లో ఉంటూ చివరి బెంచీలో కూర్చునేది. ఆమె గురించి నాకు తెలిసింది అంతే. ఒకసారి స్టాఫ్ రూము ముందు నిలబడి "సార్, మీతోని జెర మాట్లాడాలె" అంది. "శనివారం రా అమ్మా" అన్నాను. శనివారం నాకు బస్సు తొందర.

మీటింగు రోజున ప్రిన్సిపాల్ మైకు ముందు నా రిజిస్టరు విప్పి ఒక పేజీ చదివాడు. "తండ్రి గల్ఫ్‌ల ఉన్న బిడ్డకు తండ్రి లోటు తీర్చిండు మన సారు" అని ఆ సిరిసిల్ల పిల్ల పేరు పిలిచి, వేదిక మీదికి వచ్చి రెండు మాటలు చెప్పమన్నాడు. సరిగ్గా అప్పుడే మూడో వరుసలో, ఒళ్లో పెద్ద బ్యాగుతో కూర్చున్న ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు, ఆ దుబాయి మనిషి ఎవరా అని. ఆయనే ఆమె నాయన. సిరిసిల్లలో మరమగ్గాల మీద పని. బిడ్డను హాస్టల్ ఖాళీ చేయించి తీసుకుపోవడానికి వస్తే, పట్టుకుని మీటింగులో కూర్చోబెట్టారు. ఆమె ఒక్క నిజం చెబితే నా ఉద్యోగం అక్కడికక్కడే సరి.

ఆమె నాయన వైపు చూసింది, నా వైపు చూసింది. "మా సారు ప్రతి శనివారం నన్ను కూసుండవెట్టి అడుగుతడు, తిన్నవా, ఇంటికాడ ఎట్లున్నరు అని" అంది మెల్లగా. "మా అమ్మకు నరాలు గుంజి చేతులు లేస్తలేవు. ఇంట్ల పనికి నన్ను తోల్కపోతమంటున్నరు. పరీక్షలు మూడు నెలలే ఉన్నయి. గా ముచ్చట చెప్తే సారు, 'నువ్వు ఫికర్ చెయ్యకు, మీ నాయనతోని నేను మాట్లాడుత' అన్నడు." హాలంతా చప్పట్లు. ఆ పిల్ల కష్టమేమిటో మిగతా జనంతో పాటు నాకూ అప్పుడే తెలిసింది. అబద్ధమాడి నన్ను కాపాడిందని సంబరపడ్డాను. నన్ను ఏం అడుగుతున్నదో అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

షీల్డు పట్టుకుని వరండాలోకి వస్తే తండ్రీబిడ్డలు నిలబడి ఉన్నారు. "నమస్తే సార్. నేను దుబాయి ఎప్పుడు పోయిన సార్? కరీంనగర్ పోయిందే రెండుసార్లు" అన్నాడాయన. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. నేను షీల్డును ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాను. "గది పోనీయుండ్రి. నాతోని మాట్లాడుతా అన్నరంట గద. చెప్పుండ్రి సార్, వింట." ఆ పిల్ల తల వంచుకుని బ్యాగు పట్టీ మెలిపెడుతోంది. అంతలో మెట్ల మీద నుంచి ప్రిన్సిపాల్ గ్రూపు ఫోటోకు పిలిచాడు. "రెండు నిమిషాలు, ఫోటో దిగి అస్త" అన్నాను.

ముఖ్య అతిథి భోజనానికి కూర్చున్నాడు. ఆయన వచ్చేదాకా మెట్ల మీద నిలబడ్డాం, దాదాపు గంటసేపు. దిగి పోతే ప్రిన్సిపాల్ ఏమనుకుంటాడోనని నేను కదల్లేదు. ఓ పక్కన గేటు కనిపిస్తూనే ఉంది.

తర్వాతి నెల మళ్లీ నేనే ఉత్తమ మెంటర్‌ని. గైర్హాజరవుతున్న ఆ పిల్ల పేరు కొట్టేశాక మిగిలిన పంతొమ్మిది మందితో నా గుంపు హాజరు శాతం పెరిగింది. సిగ్గేసి ఒక ఆదివారం సిరిసిల్ల పోయాను. మగ్గాల మోతలో నా మాట నాకే వినబడలేదు. నాయన నన్ను బయటికి తీసుకొచ్చి చాయ్ తాగించాడు. "గా దినం మీకోసమని రెండు బస్సులు ఇడిసిపెట్టిన సార్. మీరు ఒక్క మాట చెప్తె ఉంచుదుననే అనుకున్న. గిప్పుడు పనికి అలవాటు పడ్డది" అన్నాడు. లోపల తల్లికి బదులు నూలు కండెలు చుడుతున్న పిల్ల లేచి వచ్చి, "నేను చెప్పింది మంచిగనే ఉండెనా సార్?" అని అడిగింది. మంచిగనే ఉండె అన్నాను.

ఇప్పుడు నేను అదే కాలేజీలో సీనియర్‌ని. శనివారం వస్తే పిల్లలు నన్ను తప్పించుకు తిరుగుతారు. "సారు పట్టుకున్నడంటె తిన్నవా కాడికెల్లి మొదలువెడుతడు, బస్సు పోయినా ఇడిసిపెట్టడు" అని వాళ్ల గోల. ఆ పాత ఫోటో ఇప్పటికీ ఆఫీసు గోడ మీద ఉంది. అందరూ కెమెరా వైపు చూస్తుంటే, షీల్డు గుండెకు హత్తుకున్న బక్కపలుచని కుర్రాడొకడు పళ్లన్నీ బయటపెట్టి పక్కకు చూస్తుంటాడు. "గప్పుడు ఎటు చూస్తున్నరు సార్, భోజనాల దిక్కా?" అని కొత్త లెక్చరర్లు ఆటపట్టిస్తారు. అవునని నవ్వేస్తాను. ఆ రోజు సరిగ్గా ఫోటో తీసేటప్పుడే, కథలాపూర్ మీదుగా సిరిసిల్ల పోయే బస్సు గేటు ముందు ఆగింది. ఆ పిల్ల మెట్టు మీద కాలుపెట్టి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఫోటోగ్రాఫర్ నన్ను కదలొద్దన్నాడు.