తొమ్మిదికి నాలుగు కలిపితే

పదకొండేళ్లుగా ఒక జిరాక్స్ కాగితం నాతోపాటు ఇళ్లు మారుతోంది. పెళ్లయ్యాక మూడు కిరాయి ఇళ్లు మారాం. సామాను సర్దిన ప్రతిసారీ నేను మొదట నా సంచిలో వేసుకున్నది డిగ్రీ సర్టిఫికెట్ల ఫైలు. అందులో మెమోల వెనక, నాలుగు మడతల్లో ఆ కాగితం ఉంటుంది. ఎవరూ చూడలేదు. చూడలేదనే అనుకుంటున్నాను. మా ఆయన ఏదో వెతుకుతూ ఆ అలమర తెరిస్తే చాలు, వంటింట్లో నా చేతులు ఆగిపోతాయి.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. పేర్లు మాత్రం మార్చాను.

బాన్సువాడలో డిగ్రీ రెండో సంవత్సరం చదివేటప్పుడు మేం నలుగురం శనివారం మధ్యాహ్నాలు ఇర్ఫాన్ వాళ్ల మేడ మీది గదిలో ఒక ఆట ఆడేవాళ్లం. దానికి గళ్ల బోర్డు ఉండదు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు ఆ కథలో ఒక్కో మనిషి అవుతారు. ఎవరైనా ఎవరినైనా కొడితే ఆ దెబ్బ తగిలిందో లేదో ఇరవై ముఖాల పాచిక వేసి తేల్చాలి. నియమాల పుస్తకం మా పెద్దమ్మ కొడుకు హైదరాబాద్ నుంచి తెచ్చాడు. బస్టాండు ఎదురుగా జిరాక్స్ తీయించాను. పుస్తకం నాది కాబట్టి కథ నడిపే పని కూడా నాదే. తప్పొప్పులు చెప్పేదీ నేనే. ఆ పని నాకు చాలా నచ్చేది. ఎందుకంత నచ్చిందో ఇప్పుడు ఆలోచిస్తే భయమేస్తుంది.

మా కథలో ఒక జాతర, అందులో కుస్తీ పోటీలు. మహేశ్, అంటే ఇప్పటి మా ఆయన, పహిల్వాన్. అతని పాత్రకు బలం నాలుగు, చురుకుదనం సున్నా. రజిత పాత్ర ఒట్టి చేతులతో పోరాడే చిన్న పిల్ల. పేరు చీమ. బలం సున్నా, చురుకుదనం నాలుగు. రజిత కూడా అలాగే ఉండేది, సన్నగా, వేగంగా. బీర్కూర్ నుంచి రోజూ బస్సులో వచ్చేది. సెలవు రోజుల్లో ఇంట్లోవాళ్లతో నాట్లు వేసేది. ఆయుధం లేకుండా కొట్టేటప్పుడు పాచిక మీద పడ్డ అంకెకు బలం కలపాలి. మొత్తం పన్నెండు దాటితే దెబ్బ తగిలినట్టు. నాకు గుర్తున్న నియమం అంతే.

చీమ దెబ్బలు ఎక్కువగా తగులుతున్నాయని నాకు మొదట అనిపించింది. రజిత పాచిక వేసి, మనసులోనే కలిపేసి, మొత్తం పైకి చెప్పేది. ఒకసారి "పదమూడు" అంది. తొంగి చూశాను. పాచిక మీద తొమ్మిది ఉంది. తొమ్మిదికి సున్నా కలిపితే తొమ్మిదే కదా?

అప్పుడే అడగొచ్చు. అడగలేదు. నోట్‌బుక్ అంచున ఒక చిన్న గీత గీశాను. తర్వాతి శనివారం ఇంకో నాలుగు. ఆ పై వారం ఆరు. పైకి నవ్వుతూ కథ చెబుతున్నాను, కింద గీతలు గీస్తున్నాను. ఆమె చెయ్యి కదిలినప్పుడల్లా పాచిక దొర్లిందా, వేలితో తిప్పిందా అని చూస్తున్నాను. మహేశ్ "చీమ కుడితే పహిల్వాన్ ఖతం" అని మెచ్చుకోలుగా నవ్విన రోజు గీత కొంచెం గట్టిగా పడింది. అది అసూయా? అవునేమో. కానీ దాన్ని అనుమానం అని చెప్పుకుంటేనే నాకు ఎక్కువ గౌరవంగా అనిపించింది.

నాలుగో శనివారం కుస్తీ చివరి పోటీ, చీమకూ పహిల్వాన్‌కూ మధ్య. ఇంకొక్క దెబ్బ తగిలితే చీమ గెలుస్తుంది. రజిత పాచిక వేసింది. మళ్లీ తొమ్మిది. "పదమూడు" అంది.

"ఆగు. గా లెక్క మల్లోసారి చెప్పు," అన్నాను.

"తొమ్మిదికి నాలుగు. పదమూడు."

"నీ బలం సున్నా గదా. నాలుగు ఏడికెళ్లి వచ్చింది?"

"చురుకుదనం నాలుగు. ఒట్టి చేతుల మనిషికి బలం బదులు చురుకు కలపొచ్చని మొదటి రోజు నువ్వే సదివినవ్ గదనే!"

"నేనా? నేనెప్పుడు సదివిన?"

మహేశ్ పడీ పడీ నవ్వాడు. "ఏందమ్మా, నెల సంది దొంగ లెక్కతోనే సంపుతున్నవా నన్ను?"

"అరే, పుస్తకంల చూడుండ్రి యార్, లొల్లి ఎందుకు?" అన్నాడు ఇర్ఫాన్.

పేజీలు తిప్పాను. లేదు. రజిత నా పక్కకు వంగి, "మంచిగ చూడు, ఉంటది," అంది. అలా వంగినప్పుడే నోట్‌బుక్ అంచున గీతలు చూసింది. పైన తన పేరు కూడా ఉంది.

"రాసుకుంటున్నవా?" అంది మెల్లగా. "నన్ను అడిగితే అయిపోతుండె గదా. నెల సంది రాసుకుంటున్నవా?"

సంచి తీసుకుని బీర్కూర్ బస్సుకు వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం బోటనీ రికార్డు తెరిస్తే ఆ పేజీ దొరికింది. జిరాక్స్ పుస్తకంలోంచి తీసి గుర్తు కోసం నేనే అందులో పెట్టుకున్నాను. ఒట్టి చేతుల పోరులో శిక్షణ ఉన్నవాళ్లు బలం బదులు చురుకుదనం కలుపుకోవచ్చు. అవతలివాణ్ణి పట్టడానికి బలం కావాలి, పట్టు నుంచి జారిపోవడానికి రెంటిలో ఏదైనా చాలు. కింద పెన్సిలుతో నా దస్తూరీ: "రజితకు చెప్పాలి." చెప్పాను కూడా. నిజంగా మర్చిపోయానా? మర్చిపోవడం నాకు అవసరమైందా? ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోతున్నాను.

సోమవారం మహేశ్ అడిగాడు. "దొరికిందా పేజీ?"

"లేదు," అన్నాను.

నా తప్పు ఆ ఒక్క మాటే. గీతలు తప్పు కాదని కాదు. అవి గీసేటప్పుడు నాకు నిజం తెలియదు. "లేదు" అన్నప్పుడు తెలుసు.

మహేశ్ ఆమెకు 'ప్లస్ ఫోర్' అని పేరు పెట్టాడు. కాలేజీ అంతా పాకింది. గణితంలో ఆమెకు అందరికంటే ఎక్కువ మార్కులొస్తే వాళ్ల క్లాసు వెనక బెంచీ నుంచి "నాలుగు కలుపుకున్నదేమో చూడుండ్రి!" అని కేకలు. ఆమె ఎవరితోనూ కొట్లాడలేదు. మాతో కూర్చోవడం మాత్రం మానేసింది.

ఇప్పుడు మా ఆయన మేముండే ఊళ్లోనే ఒక ప్రైవేటు బడిలో టీచర్ల ఎంపిక చూస్తున్నాడు. పోయిన వారం లెక్కల టీచరు కోసం వచ్చిన దరఖాస్తులు ఇంటికి తెచ్చాడు. ఒకటి చూసి గట్టిగా నవ్వాడు.

"ఏమే, గీమె మన ప్లస్ ఫోర్ గాదె? పిల్లల మార్కులు ఈమె చేతిల వెడితే ఇగ అయినట్టే!"

దాన్ని అట్టడుగున పెట్టాడు. ఎంచిన పేర్లు రేపు యాజమాన్యానికి ఇవ్వాలి. నేను పప్పు కలుపుతూనే ఉన్నాను. ఆమె తెలిసే ఈ బడికి దరఖాస్తు పెట్టిందా? నన్ను పరీక్షిస్తోందా? మా ఆయనకు అంతా తెలిసి నా ముఖం చూడ్డానికే ఆ మాట అన్నాడా? చూశారా, ఆమె ఉద్యోగం పోతుంటే కూడా నేను ఆమెనే అనుమానిస్తున్నాను.

నిన్న మా ఆరేళ్ల పాపతో వైకుంఠపాళి ఆడాను. అయిదు గళ్లు జరిపింది. "నాలుగే పడింది," అన్నాను. మళ్లీ పాచిక చూశాను. అయిదే. పాప నా వంక చూసి, "అమ్మా, నేను సరిగ్గనే లెక్కవెట్టిన," అంది. గొంతులో ఏడుపు లేదు. నాకు నమ్మకం కలిగించాలనే తొందర ఉంది. ఆరేళ్లకే ఆ తొందర ఎక్కడ నేర్చుకుంది? ఎవరు నేర్పారు?

పాప పడుకుంది. మా ఆయనా పడుకున్నాడు. ఆ కాగితం మడతలు విప్పి వెనక వైపు రాశాను: "రజిత దొంగాట ఆడలేదు. నియమం ఆమె వైపే ఉంది. ఈ పేజీ ఆ రోజే దొరికింది, నేను దాచాను." సంతకం పెట్టాను. క్షమించమని రాయలేదు. దాన్ని దరఖాస్తుల ఫైలులో రజిత కాగితాల మీద పెట్టి, ఆమెవి అన్నిటికంటే పైకి తెచ్చాను. ఆయన పొద్దున టిఫిన్‌కు ముందే ఆ ఫైలు తెరుస్తాడు. ఏమంటాడో తెలియదు. ఆమెకు ఉద్యోగం వస్తుందో రాదో తెలియదు. వచ్చినా నన్ను చూసి పలకరిస్తుందని నేను అనుకోను.

తెల్లవారేలోగా లేచి ఆ కాగితాన్ని నేనే తీసేస్తానేమో. నా మీద నాకు నమ్మకం లేదు. అందుకే ఇది మీకు రాస్తున్నాను. రేపు ఎవరైనా ఆ పేజీ ఉందా అని అడిగితే, "లేదు" అనడానికి ఇక నాకు వీల్లేదు. మీకు తెలుసు.