వెనక సీటు కింద పంపు

మా వదినను అందరూ బ్రేకక్క అంటారు. ఆడవాళ్ళకు కారు నడపడం నేర్పడం ఆమె పని. ఆ బడికి బోర్డు లేదు, ఆఫీసు లేదు, ఉన్నదల్లా ఒక్క పాత కారు. నేర్చుకునేవాళ్ళ పక్కసీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. అక్కడ వదిన కూర్చుంటుంది. ఇరవై రెండేళ్ళు అలా కూర్చుని కూర్చుని ఆ కుడికాలికి సొంత బుర్ర వచ్చింది. ఇంట్లో పాలు పొంగబోతే, చెయ్యి స్టవ్వు దాకా వెళ్ళేలోపే కాలు నేలను నొక్కేస్తుంది.

మొదటిరోజు ఆమె చెప్పేది గేర్ల సంగతి కాదు.

"తప్పు చేస్తే 'తప్పాను' అని పైకి అనమ్మా. అనగానే బ్రేకు నేను వేస్తాను. నువ్వు లోపల దాచుకున్నావనుకో, నాకు తెలిసేలోపు గోడ వచ్చేస్తుంది."

ఆమె దగ్గర నేర్చుకున్న ఆడవాళ్ళను ఎక్కడున్నా గుర్తుపట్టవచ్చు. రద్దీలో ఎవరికో అడ్డం వచ్చామనిపిస్తే చాలు, ఒంటరిగా ఉన్నా "తప్పాను" అనేసుకుంటారు. నేనూ ఒకరోజు నేర్చుకున్నాను. గేటుకు గుద్దాను. గేటు అక్కడెందుకు పెట్టారని అరిచి దిగిపోయాను. అందుకే ఈ వయసులో కూడా బస్సులే గతి. నా ఉద్యోగం ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం. ఎదుటివాళ్ళ తప్పులు పట్టుకున్నందుకే నాకు జీతమిస్తారు. ఆ అలవాటు ప్రెస్సు గేటు దగ్గర ఆగదు.

ఒక సోమవారం పొద్దున్న ఆ కారు నడిరోడ్డు మీద ఆగిపోయింది. స్టీరింగు దగ్గర టైలరమ్మ ఉంది. పాపం, ఆవిడ "తప్పాను, తప్పాను" అంటూనే ఉంది. తప్పు ఆవిడది కాదు, పెట్రోలు పంపుది. టైలరమ్మ అప్పటికే పరీక్షలో రెండుసార్లు ఫెయిలయింది. మూడోదీ ఆఖరుదీ గురువారం పదింటికి. అది తప్పితే నేర్చుకునేవాళ్ళకిచ్చే కాగితం గడువు ముగిసి మళ్ళీ మొదటినుంచి రావాలి. రెండు బళ్ళ పిల్లల యూనిఫాంలు కుట్టి, తనే బండిలో చేరవేసే పని ఆవిడ చేతికి అందేలా ఉంది. దానికి లైసెన్సు కావాలి. పరీక్షకేమో రెండు బ్రేకులున్న బండి కావాలి. అలాంటి బండి మా చుట్టుపక్కల అదొక్కటే.

"సెలవు పెట్టవా? మూడు రోజులే. దగ్గరుండి బండి బాగుచేయిస్తే చాలు," అంది వదిన. మూడు గంటల పని అనుకుని సరేనన్నాను.

గరాజులో మెకానిక్కు వెనక సీటు ఎత్తాడు. కింద రేకు మూత విప్పితే పెట్రోలు ట్యాంకు నోరు కనిపించింది. దానికొక ప్లాస్టిక్ మూత, మూతకు కింద ట్యాంకులోకి వేలాడుతూ పంపు. మూత మీద ఎవరో నల్లటి జిగురు మందంగా పూసేశారు.

"పంపు పోయింది. కొత్తది తెచ్చుకోండి సార్. పార్టులు నేను తేను. బండివాళ్ళే తెచ్చుకోవాలి." అతని పద్ధతి అది. తను తెస్తే నకిలీ అంటారట.

అప్పుడే మా అన్నయ్య గరాజు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అన్నయ్య రేడియోలు, మిక్సీలు బాగుచేస్తాడు. తక్కువ మాటల మనిషి. నేను అప్పటికే జిగురు పూసినవాణ్ణి తిట్టే పనిలో ఉన్నాను. అన్నయ్య ఏదో అనబోయాడు. చివరికి "నీళ్ళు తాగావా?" అని అడిగి వెళ్ళిపోయాడు. ఎండలో అంతదూరం వచ్చి అడిగే మాటేనా అది అని దానికీ విసుక్కున్నాను.

స్పేర్ పార్టుల కొట్టు పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఏ సంవత్సరం బండి?"

చెప్పాను. లోపలికి వెళ్ళి ఒక అట్టపెట్టె తెచ్చాడు. రెండు బస్సులు మారి గరాజుకు వెళితే, మెకానిక్కు పెట్టె తెరిచిన మరుక్షణం మూసేశాడు.

"దీనికి గొట్టం ఒకటే ఉంది. మన మూతకి రెండున్నాయి."

మళ్ళీ రెండు బస్సులు. పెద్దాయన ఏమీ అనకుండా రెండు గొట్టాలున్నది ఇచ్చాడు. అది తెస్తే వైర్లు పెట్టే చోట మూడే పుల్లలున్నాయి. మనకు నాలుగు. సోమవారం అలా గడిచిపోయింది.

మంగళవారం పొద్దున్నే ఫోనులో ఫొటో తీసుకుని వెళ్ళాను. పెద్దాయన ఫొటోను పెద్దది చేసి చూశాడు, చిన్నది చేసి చూశాడు.

"ఈ బండికి ఇలాంటి మూత లేదు బాబూ."

"లేదంటారేమిటి? బండిలోనే ఉంటేనూ!"

"కంపెనీ చెయ్యలేదు. ముప్పై ఏళ్ళుగా అమ్ముతున్నాను."

"అయితే నేను ఇంట్లో చేసుకున్నానా?" నా గొంతుకు వీధిలో నడిచేవాళ్ళు తిరిగి చూశారు. "ఏదో ఒకటి ఇవ్వండి. పెట్రోలు తోసేదే కదా, ఏదైతేనేం?"

"ఏదో ఒకటి పెడితే నీకే నష్టం. తోపు తక్కువైతే బండి గుంజదు. ఎక్కువైతే ఇంజనుకు పొలమారుతుంది. మూత మీద నంబరుంటుంది, రాసుకురా. లేదా పాత పంపు పట్రా."

నంబరు జిగురు కింద ఉంది. గోరుతో గీకాను, తాళంచెవితో గీకాను. వేలు తెగింది కానీ మూడంకెలకు మించి బయటపడలేదు. పాత పంపు తీసిమ్మని మెకానిక్కును అడిగాను.

"కొత్తది తెస్తేనే తీస్తాను సార్."

"కొత్తది ఇవ్వాలంటే పాతది తెమ్మంటున్నాడయ్యా ఆయన!"

"ట్యాంకు నిండా పెట్రోలుంది. నోరు తెరిచిపెట్టి రాత్రంతా ఉంచమంటారా?" అంటూ చొక్కా చెయ్యి పైకి లాగాడు. మోచేతినుంచి మణికట్టు దాకా కాలిన మచ్చ. అతని మాటా న్యాయమే, పెద్దాయన మాటా న్యాయమే. రెండు న్యాయాల మధ్య తిరిగి తిరిగి నా చెప్పు తెగింది. బుధవారం ఇంకో మూడు కొట్లు చూశాను. ముగ్గురూ మొదట అడిగింది ఏ సంవత్సరం బండి అనే. ఇంకోసారి ఎవరైనా అడిగితే ఏం చేసేవాణ్ణో నాకే తెలియదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి తలప్రాణం తోకకొచ్చింది. వదిన కంచం పెట్టింది. అన్నయ్య ఎదురుగా కూర్చుని తింటున్నాడు.

"ఆ మూత మీద జిగురు పూసిన మహానుభావుడు ఒక్కసారి నా కంటపడాలి," అన్నాను. "ఆ వెధవకి చేతులున్నాయి గానీ బుర్ర లేదు. వాడి పుణ్యమా అని టైలరమ్మ బతుకు వీధిన పడుతోంది."

అన్నయ్య చెయ్యి కంచంలో ఆగింది. వదిన చూడలేదు. ఆమె గోడవైపు తిరిగి ఫోను చేతిలోకి తీసుకుంది.

"ఇక లాభం లేదు. టైలరమ్మకు చెప్పేస్తాను. రేపు రావద్దని," అంది. ఆ గొంతు నాకు కొత్త. ఆమె ఎవరికీ రావద్దని చెప్పగా నేను వినలేదు.

అవతల ఫోను మోగుతున్న చప్పుడు మాకూ వినబడుతోంది.

"తప్పాను," అన్నాడు అన్నయ్య.

నాకు మొదట అర్థం కాలేదు. వదిన కుడికాలు మాత్రం నేలను గట్టిగా నొక్కింది. వేలు ఫోనును ఆపేసింది. టైలరమ్మ ఎత్తేలోపే.

"చెప్పండి," అంది.

అన్నయ్య చెప్పుకొచ్చాడు. రెండేళ్ళ కిందట వదిన వాళ్ళ చెల్లెలి కాన్పుకని వారం రోజులు ఊళ్ళో లేదు. కారు మీద చెయ్యి వెయ్యొద్దని మరీమరీ చెప్పి వెళ్ళింది. పంపు గురగురమంటోందని అన్నయ్య సీటు ఎత్తి మూత విప్పాడు. విప్పుతుంటే గొట్టం విరిగింది. భయపడి పాత సామాన్ల యార్డుకు పరిగెత్తాడు. ఈ కారు పంపు దొరకలేదు. అదే కంపెనీ పెద్ద కారుది, మూతతో సహా, దొరికింది. ట్యాంకు నోటికి సరిగ్గా కూర్చుంది. వైర్లు కోసి కలిపి, తివాచీ కిందికి తోసేశాడు. పెట్రోలు వాసన వస్తోందని పైన జిగురు పూశాడు.

"నేను తిరిగొచ్చాక బండి బాగా గుంజుతోందన్నాను," అంది వదిన. "మీరు ఊ అన్నారు."

"ఊ అన్నాను."

అంతే. అరుపులు లేవు. ఆ పెద్ద కారు పేరు, ఏడాది అడిగి, నా అరచేతిలో పెన్నుతో రాసింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది. మూడు రోజులు! వేలు, చెప్పు, సెలవులు! కానీ కొట్టు మూసేస్తారు కాబట్టి తిట్టడం వాయిదా వేసి పరిగెత్తాను.

పెద్దాయన నా అరచెయ్యి చదివాడు. "ఇది వేరే బండి కదా?"

"అవునండీ. మీరన్నదే నిజం. కంపెనీ చెయ్యలేదు, మా ఇంట్లోనే చేసుకున్నాం."

రెండు గొట్టాలు, నాలుగు పుల్లలు. గీకినప్పుడు దొరికిన మూడంకెలూ పెట్టె మీద నంబరు చివర ఉన్నాయి. గురువారం ఏడింటికి మెకానిక్కు ట్యాంకు నోరు తెరిచి ఇరవై నిమిషాల్లో మూశాడు. తాళం తిప్పగానే సీటు కింద సన్నగా చప్పుడైంది, బండి లేచింది. మూడు రోజుల చాకిరీ ఇరవై నిమిషాలది. ఆనందం రావాల్సిన చోట నాకు ఏడుపొచ్చింది.

పదింటికి టైలరమ్మ పరీక్షాధికారిని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్ళింది. మేము ముగ్గురం గోడ పక్కన నిలబడ్డాం. బండి మలుపు తిరిగినప్పుడల్లా వదిన కాలు మట్టిని నొక్కుతోంది. పావుగంటకు తిరిగొచ్చారు. అధికారి కాగితం మీద సంతకం పెట్టి, "ఎత్తుమీద ఒకసారి వెనక్కి జారింది. నేను అడక్కముందే తప్పాను అంది. ఆపి, సరిచేసుకుంది," అని వదినకేసి అనుమానంగా చూసి వెళ్ళాడు. టైలరమ్మ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని కిందే కూర్చుండిపోయింది.

తిరుగుప్రయాణంలో వదిన నడుపుతోంది. టైలరమ్మ ముందు కూర్చుంది. వెనక అన్నయ్య, నేను. సరిగ్గా ఆ పంపు మీదే కూర్చున్నాం. వాయిదా వేసింది మొదలుపెట్టాను.

"సోమవారమే చెబితే నీ సొమ్మేం పోయేది? మూడు రోజులు కుక్కలా తిరిగాను!"

అన్నయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "చెబుదామనే వచ్చానురా గరాజుకి. నువ్వప్పటికే తిడుతున్నావు."

గుమ్మంలో నిలబడి నీళ్ళు తాగావా అని అడిగిన మనిషి కళ్ళముందు కనబడ్డాడు. నిన్న నేను 'వెధవ' అన్నదీ, 'బుర్ర లేదు' అన్నదీ గుర్తొచ్చాయి. సిగ్గేసింది. అద్దంలో వదిన కళ్ళు నావైపు చూసి మళ్ళీ రోడ్డుమీదికి వెళ్ళాయి.

"ఇంతమందికి నేర్పాను," అంది, ఎవరితోనో అన్నట్టు. "తప్పానన్నవాళ్ళని ఒక్కసారి కూడా తిట్టలేదు. తిడితే రెండోసారి చెప్పరు."

నాకు డ్రైవింగు రాదు, ఆ మాట అనే అలవాటూ లేదు.

"తప్పాను," అన్నాను.

వదిన వెనక్కి తిరగలేదు. కారు మాత్రం కాస్త నెమ్మదించింది.