టేకల్ కొండకు బొట్టు పెట్టిన కథ

పెళ్లికి ముందే మామగారిని కొండ మీద ఎండబెట్టి చంపబోయిన అల్లుళ్లు లోకంలో ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. ఒకడు మాత్రం ఉన్నాడు, వాడే మీకీ కథ చెబుతున్నాడు. నవ్వొస్తే నవ్వుకోండి గాని, ఆ మిట్టమధ్యాహ్నం తలచుకుంటే నాకు ఇప్పటికీ వెన్నులో చలి పుడుతుంది.

కోలారు బంగారు గనులు సర్కారువైన కొత్తల్లో నేను కేజీఎఫ్‌లో ఆఫీసు గుమాస్తాను. గనిలోకి ఒక్కసారీ దిగిన పాపాన పోలేదు గాని, దిగినవాళ్లకంటే ఎక్కువ చెప్పేవాణ్ణి. నిజంగా దిగేవాడు మా మేనమామ వెంకటప్ప, అండర్‌గ్రౌండ్‌లో మేస్త్రీ. కూతురు సరోజను నాకివ్వాలా వద్దా అని నెలల తరబడి నాన్చుతున్నాడు. నాకేమో ఆ పిల్ల తప్ప లోకంలో ఇంకేదీ కనబడటం లేదు. అలాంటి రోజుల్లో మా ఆఫీసు కుర్రాళ్లం నడివేసవిలో దగ్గర్లోని టేకల్ కొండ ఎక్కుదామని బయల్దేరితే, మామ తానూ వస్తానన్నాడు.

"ఇంతమందిని కొండకు పిల్చుకొనిపోయి మళ్లా ఇండ్లకు చేర్చేది చేతనైతే, నా బిడ్డను చూసుకొనేదీ చేతనైతాది. చూస్తానప్పా."

టేకల్ కొండంటే బండల మీద బండలు, వాటి మీద మళ్లీ బండలు. వేసవిలో పొదలు మాడి, గడ్డి ఎండి, కాలిబాట ఆనవాలే ఉండదు. ఎండుగడ్డి మీద చెప్పు పెడితే జర్రున జారుతుంది. ఏ మలుపు చూసినా ఒకేలా ఉంటుంది.

"గుర్తులు పెట్టుకోవాలప్పా. గని లోపల మేము సున్నం గీతలు పెడతాము," అన్నాడు మామ.

"ఈ ఎండకు సున్నం యాడ కనబడతాది మామా?" అంటూ నేను కొబ్బరిచిప్ప తీశాను. అందులో మా అమ్మ పూజగూట్లోంచి కొట్టుకొచ్చిన కుంకుమ ఉంది. నీళ్లతో కలిపి, మలుపుకొక బండ ఎంచి, రూపాయి బిళ్లంత బొట్టు పెట్టుకుంటూ పోయాను. వేడికి పెట్టినవి పెట్టినట్టే ఆరిపోయాయి. మామ తల ఊపాడు. సరోజ సగం నాదైపోయిందనుకున్నాను.

పైన తప్పకుండా ఉంటుందని నేను ఒట్టేసి చెప్పిన ఊటలో చెమ్మ కూడా లేదు. నీళ్ల సీసాలు అప్పటికే ఖాళీ. "దిగేది ఎంతసేపులే," అన్నాను ధీమాగా.

దిగేటప్పుడు మొదటి బొట్టు దొరికింది, రెండోదీ దొరికింది. మూడో మలుపులో రెండు బండలకు బొట్లున్నాయి.

"ఇంగొకటి ఎప్పుడు పెడితివిరా?" అన్నాడు సెల్వం, ఆఫీసులో నా పక్క బల్లవాడు.

"నేను పెట్టలే."

దాని పక్క బండకూ ఉంది. వెనకదానికీ ఉంది. తలెత్తి చూస్తే కొండవాలంతా ఎర్రబొట్లే! గాలి లేదు, పిట్ట కూత లేదు. ఎండకు ఎక్కడో బండ టప్పుమని చిట్లింది. మళ్లీ అంతా నిశ్శబ్దం. మామ ఒక బొట్టును తాకి, వేలు మాకు చూపించాడు.

"తడిగా ఉండాది. ఇప్పుడే పెట్టిండారు."

"ఎవరు మామా?"

"నన్నడిగితే?"

సెల్వం చెంపలేసుకున్నాడు. "ఇది మనిషి పని గాదురా. మారియమ్మ తల్లి పని!"

ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి అంటారు. ఏ రాయైతేనేం దారి తప్పడానికి! బొట్లు పట్టుకుని తిరిగి తిరిగి, మళ్లీ ఆ మూడో మలుపులోని పగులుబండ దగ్గరికే వచ్చాం. మామ అక్కడ కూలబడ్డాడు. నాలుక పిడచగట్టింది, పిలిస్తే పలకడం లేదు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు సరోజ గుర్తు లేదు. ఆయన బతికితే చాలని ఏడుపొచ్చింది. బండకు ఆనుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, తెలిసిన దేవుళ్లందరినీ పిలిచాను.

చల్లటి తడివేలు ఒకటి నా నుదుటిని తాకింది.

నేను వేసిన కేకకు సెల్వం పక్కనున్న ముళ్లపొదలోకి దూకాడు. కళ్లు తెరిస్తే ఎదురుగా ఒక ముసలామె, చేతిలో కుంకుమ గిన్నె. ఆమె నాకంటే గట్టిగా అరిచింది.

"అయ్యో నా తండ్రీ! కండ్లు సరిగా కనబడక రాయనుకొంటినే!"

కొండ కింద గుడిసెలో ఉండి మేకలు కాచుకునే అవ్వట. "పొద్దున వస్తే రాళ్లకు బొట్లుండాయి. ఎండాకాలం, అమ్మ తిరిగే కాలం. ఒక రాయికి పెట్టి ఇంగొక రాయికి పెట్టకుంటే అమ్మకు కోపం రాదా? ఇంటికి పోయి కుంకుమ తెచ్చి, అప్పట్నుంచీ అన్నిటికీ పెడతానే ఉండా. నడుము ఇరిగిపాయె! మొదులుపెట్టినోడు యాడుండాడో గాని, వాని చేతులు పడిపోను!"

అందరూ నావైపు చూశారు. నేను చిప్పను నెమ్మదిగా వెనక దాచాను.

అవ్వ తన సొరబుర్రలో నీళ్లు మామకు తాగించింది. కాసేపటికి ఆయనకు ప్రాణం లేచొచ్చింది, దాంతోపాటు నోరూ లేచొచ్చింది.

"నువ్వు రాయనుకొనింది తప్పు గాదులే అవ్వా. ఇన్నేండ్లు రాళ్లు కొట్టినోణ్ణి, ఇట్లాంటి రాయి నేనూ చూళ్లే."

"మామా, అంటే సరోజ..." అన్నాను.

ఆయన నా నుదుటికేసి చూసి నిట్టూర్చాడు. "ఏం చేసేదప్పా? బొట్టు పెట్టేసిండారు. ఇంగ పెండ్లి చేసేదే మిగిలిండాది."

కనుక మహాజనులారా, పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో నేను ఏ రాయికీ బొట్టు పెట్టను. మా ఇంట్లో ఉన్న ఒక్క రాయికి పండగపూట సరోజ పెడుతుంది, అది చాలు.